నోరు పాడుతోంది, మనస్సు వేరే చోట ఉంటోంది: ఆరాధనలో పాటలు నడిపించేవారికి ఒక ప్రశ్న

ప్రశ్న
(ఏలూరు ప్రాంతంలోని ఒక సంఘంలో పాటలు నడిపించే యువకుడు)

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా సంఘంలో ఐదేళ్లుగా ఆదివారపు ఆరాధనలో పాటలు ఎత్తుకునే బాధ్యతను పెద్దలు నాకు అప్పగించారు. చాలాకాలంగా లోపలే ఉంచుకున్న ఒక సంగతిని ఇక్కడ అడుగుతున్నాను. సంగీతం తెలిసినవారూ వాక్యం తెలిసినవారూ జవాబు చెబితే నాకు మేలు చేసినవారవుతారు.

గత నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారానికి ముందు ఒక పాత కీర్తన పాడించాను. కళ్లు మూసుకొని, చేయి ఎత్తి పాడుతున్నాను. నాలుగో చరణం మధ్యలో ఉన్నట్టుండి నాకు స్పృహ వచ్చినట్టయింది. అప్పటివరకు నేను ఆలోచిస్తున్నది తర్వాతి పాటకు శ్రుతి అర మెట్టు తగ్గించాలా వద్దా అని, ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న అబ్బాయి చరణాన్ని సమయానికి మారుస్తాడా లేదా అని. మొదటి మూడు చరణాలూ నా నోటి నుండి ఒక్క తప్పు లేకుండా వచ్చాయి, కాని వాటిలో ఏముందని ఎవరైనా అడిగితే ఆ క్షణాన చెప్పలేకపోయేవాణ్ణి. ఆరాధన ముగిశాక ఒక పెద్దావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకొని, మూడో చరణం పాడుతున్నప్పుడు తన గుండె బరువు దిగిందని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. ఆమెకు ఏమని బదులు చెప్పాలో నాకు తోచలేదు. ఇంటికి వెళ్లి పాటల పుస్తకం తెరిచి, ఆమెను ఓదార్చిన ఆ చరణాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చదివాను.

పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరంగా ఉంచుకున్న ప్రజలను గూర్చి యెషయా 29వ అధ్యాయంలో ఉన్న మాట అప్పటి నుండి నన్ను వదలడం లేదు. నేను చేస్తున్నది వేషధారణేనా? అలాగైతే కొంతకాలం పాటలు నడిపించడం మానుకోవాలా? మానుకోకపోతే, పాడే ప్రతి మాటనూ ఎరిగి, నిజంగా ఉద్దేశించి పాడటానికి మీరు ఏమి చేస్తారు? మరొక సంగతి కూడా ఉంది. కొన్ని ఆదివారాలు నా మనస్సులో సంతోషమనేదే ఉండదు. అలాంటి రోజున నిలబడి సంతోషగానం పాడించడం అబద్ధమాడటం అవుతుందా?


జవాబు
(విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, గుంటూరు)

బాబూ, నీవు అడిగిన ప్రశ్నల్లో వేషధారణ సంగతి నాకంటే బాగా చెప్పగలవారు ఉంటారు. మాటలను ఎరిగి పాడటం గురించి మాత్రం చెబుతాను. నలభై ఏళ్లు పిల్లలకు పద్యం చెప్పాను, అంతకంటే ఎక్కువ కాలం సంఘంలో కీర్తనలు నేర్పించాను.

మనస్సు ఊరికే నిలబడదు, పట్టుకోవడానికి దానికి ఏదో ఒకటి కావాలి. మాటకు అర్థం తెలియనప్పుడు అది పట్టుకోగలిగేది బాణీని మాత్రమే. బాణీ అలవాటైపోయిన తర్వాత దానినీ వదిలేసి శ్రుతి మీదికో ప్రొజెక్టర్ మీదికో పోతుంది. కాబట్టి శనివారం సాయంత్రం, మరునాడు పాడబోయే పాటలను రాగం లేకుండా, వచనం చదివినట్టు పైకి చదువు. బడిలో మేము పద్యానికి ప్రతిపదార్థం చెప్పించినట్టే ఒక్కొక్క మాటకు అర్థం చెప్పుకో. దురితము (పాపము), వినుతి (స్తుతి), ఆర్తి (దుఃఖము), భవము (సంసారము) వంటి మాటలను వారం వారం పాడుతూ కూడా అర్థం చెప్పలేనివారు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఇందులో వారి తప్పు లేదు, ఎవరూ చెప్పలేదు. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరిగారి వంటి కవులు పల్లవి, అనుపల్లవి, చరణాలతో కీర్తనలు కట్టినప్పుడు ఆనాటి శ్రోతల చెవికి తెలిసిన భాషలోనే, తెలిసిన రాగతాళాల్లోనే కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఇప్పటికీ అచ్చువేసి ఉంటాయి. భాష మాత్రం మన నోటికి కొంచెం దూరమైంది. ఆ దూరాన్ని దాటించవలసింది పాట నడిపించేవాడే.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది సంగీతం సంగతి అనుకుంటారు గాని, నా దృష్టిలో అది ముందు అర్థానికి సంబంధించిన సంగతి. ‘ఎడబాయక’ అనే మాటను తీసుకో. దాని బలమంతా చివరి ‘క’లో ఉంది, విడిచిపోకుండా అనే వాగ్దానాన్ని మోస్తున్నది ఆ ఒక్క అక్షరమే. ‘ఎడబాయ’ దగ్గర రాగం తీసి, ఊపిరి పీల్చుకొని, ‘క’ను తర్వాతి మాటకు అంటించి పాడితే దేవుడు విడిచిపోతున్నట్టు చెప్పి, ఆ తర్వాత సర్దుకున్నట్టవుతుంది. ‘మరువక’, ‘విడువక’ కూడా అంతే. పాశ్చాత్య బాణీలకు అనువదించిన పాటల్లో ఇంకొక చిక్కు ఉంది. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది, పడుట వేరు, పాడుట వేరు. బాణీ లాగమన్న చోటల్లా అక్షరాన్ని లాగితే వినేవారి చెవికి మాట అందదు. ఇలాంటి చోట్లను పుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. గుర్తు పెట్టుకున్న చోట మనస్సు ఒక్క క్షణం ఆగుతుంది. ఆగిన మనస్సు మాటను చూస్తుంది.

ఆ తర్వాత ప్రతి వరుస దగ్గరా ఇది ఎవరితో అంటున్న మాట అని అడుగు. కొన్ని వరుసలు దేవునితో అనేవి, కొన్ని ప్రక్కనున్న సహోదరునితో అనేవి, కొన్ని మన ప్రాణంతో మనమే అనేవి. బైబిలులోని 23వ కీర్తనలో మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుణ్ణి ‘ఆయన’ అంటాడు. గాఢాంధకారపు లోయలోకి దిగిన నాలుగో వచనంలో ‘నీవు నాకు తోడై యుందువు’ అని నేరుగా ఆయనతోనే మాట్లాడతాడు. ఆ మలుపును గమనించినవారు ఆ కీర్తనను మునుపటిలా పాడలేరు. ‘హోసన్న’ అనేదాన్ని మనం జయధ్వనిగా పాడతాము గాని, అది మొదట 118వ కీర్తన 25వ వచనంలోని మొర, ‘దయచేసి రక్షించు’ అని. ‘ఎబినేజరు’ అని పాడినప్పుడల్లా, మిస్పాకు షేనుకు మధ్య సమూయేలు నిలిపిన ఒక రాయిని, ఇంతవరకు యెహోవా మనకు సహాయం చేశాడని అతడు అన్న మాటను తలచుకోవాలి. ‘ఇంతవరకు’ అనే ఆ మాటలో ఎవరి లెక్క వారికి ఉంటుంది.

ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను. ఈనాటి కోరస్‌లలో నాలుగు మాటలే తిరిగి తిరిగి రావడం వల్ల మనస్సు జారిపోవడం ఎక్కువైందని నా అభిప్రాయం. పాత కీర్తనలో ప్రతి చరణమూ మనస్సును ఒక మెట్టు ముందుకు తీసుకుపోతుంది.


జవాబు
(సంఘ కాపరి, వరంగల్)

సహోదరుడా, అమ్మగారు చెప్పినదంతా శ్రద్ధగా పాటించు. అయితే అర్థం తెలిసినంత మాత్రాన హృదయం దగ్గరకు వచ్చినట్టు కాదని కూడా నేను చెప్పవలసి ఉంది. ప్రతి మాటకు నిఘంటువు చెప్పగలిగి కూడా దేవునికి దూరంగా ఉండవచ్చు.

ముందు నీ భయం సంగతి. చెదిరిన మనస్సు వేరు, దూరం చేసుకున్న హృదయం వేరు. యెషయా గద్దించినది తర్వాతి పాటకు శ్రుతి గురించి ఆలోచించినవారిని కాదు. దేవునియెడల చూపే భయభక్తులను కేవలం మనుష్యులు నేర్పిన పాఠంగా మార్చుకొని, అది చాలుననుకొని నెమ్మదిగా ఉన్నవారిని. నీవు నెమ్మదిగా లేవు. ఇంటికి వెళ్లి పుస్తకం తెరిచావు. వేషధారి పుస్తకం తెరవడు. పాటల విషయంలో నిజంగా భయపెట్టవలసిన వాక్యం ఆమోసు 5వ అధ్యాయంలో ఉంది. మీ పాటల ధ్వనిని నాయొద్దనుండి తొలగించండి అని దేవుడు అన్న వెంటనే అడిగినది మంచి శ్రుతినో తడి కళ్లనో కాదు, నీళ్లు పారినట్టు న్యాయం జరగాలని అడిగాడు. పనివానికి కూలి బాకీ పెట్టి, అన్నదమ్ముల పొలం గట్టు జరిపి ఆదివారం నాడు ఎంత ఏకాగ్రతతో పాడినా ఆ పాటలో చిత్తశుద్ధి లేదు. ఈ సంగతిని మేము ప్రసంగ పీఠం నుండి తక్కువగా చెబుతున్నామని ఒప్పుకుంటున్నాను.

పాట వల్ల కదిలిపోవడాన్ని కూడా పరీక్షించుకోవలసిందే. క్రీ.శ. 400 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథం 10వ భాగంలో, పాడుతున్న మాటలకంటే పాడే స్వరమే తనను ఎక్కువగా కదిలించిన సందర్భాలు ఉన్నాయని, అది తనకు పాపంగానే తోస్తుందని, అప్పుడు ఆ గానం వినకుండా ఉంటేనే బాగుండునని రాశాడు. అలెక్సంద్రియలో బిషప్పు అథనాసియు కీర్తనలను పాడటంకంటే మాట్లాడటానికి దగ్గరగా ఉండేంత తక్కువ స్వరభేదంతో చదివించేవాడని కూడా అక్కడే గుర్తు చేసుకున్నాడు. అయినా, తాను విశ్వాసంలోకి వచ్చిన తొలి దినాల్లో సంఘం పాడిన పాటలకు కార్చిన కన్నీళ్లను తలచుకొని, సంఘంలో పాట ఉండటమే మేలన్న వైపుకు మొగ్గాడు. నేను దీనిని తరచుగా చదువుతాను, ఎందుకంటే ఆయన పాటను తృణీకరించలేదు, పాటకు లొంగిపోనూ లేదు.

ఇక సంతోషం లేని ఆదివారం సంగతి. 42వ కీర్తన శీర్షికలో ‘దైవధ్యానము’ అని ఉంటుంది. అందులో పాడేవాడు కన్నీళ్లే తనకు రాత్రింబగళ్లు అన్నపానములైనవాడు. అతడు తనకు లేని సంతోషాన్ని నటించలేదు, పాట మానుకొని ఇంట్లో కూర్చోనూ లేదు. నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు అని తనను తానే నిలదీసి, దేవునియందు నిరీక్షణ యుంచుమని తనకు తానే చెప్పుకున్నాడు. 43వ కీర్తనతో కలిపి ఆ మాట మూడుసార్లు వస్తుంది. ఒక్కసారి చెప్పగానే అతని ప్రాణం వినలేదని దీనివల్ల అర్థమవుతోంది. కాబట్టి సంతోషగానం నీ నోట అబద్ధం కానక్కరలేదు. ఆ రోజున దానిని నీ స్థితిని గూర్చిన సాక్ష్యంగా గాక, నీ ప్రాణానికి ఇస్తున్న ఆజ్ఞగానో దేవుని ఎదుట పెట్టుకుంటున్న మనవిగానో పాడు. మన ప్రభువు కూడా తాను పట్టబడిన రాత్రే, దానికి ముందు, శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడు. అవి యూదుల పస్కా పండుగ భోజనం తర్వాత పాడే 115 నుండి 118 వరకు ఉన్న కీర్తనలై ఉంటాయని చాలామంది పండితుల అభిప్రాయం. 118లో ‘యెహోవా నా పక్షమున నున్నాడు నేను భయపడను’ అని ఉంది. తాను పట్టబడబోయే గెత్సేమనే తోటకు బయలుదేరే ముందు ఆ మాటలను పాడిన స్వరం ఎలా ఉండి ఉంటుందో ఆలోచించు.

పాటలు నడిపించడం మానుకోవద్దు. ఆ పెద్దావిడకు ఓదార్పు ఇచ్చినది నీ ఏకాగ్రత కాదు కాబట్టి, నీ ఏకాగ్రత లేకపోవడం దానిని ఆపలేదు. దీనికి కృతజ్ఞత చెల్లించు, అలాగని దీనిని సాకుగా పెట్టుకోకు.


జవాబు
(కీబోర్డు వాయించే సోదరి, హైదరాబాద్)

టీచరమ్మగారి మీద ఎంతో గౌరవంతోనే ఒక విషయంలో నేను వేరుగా చెబుతున్నాను. తిరిగి తిరిగి పాడటమే దోషమైతే 136వ కీర్తనను ఏమంటాము? అందులో 26 వచనాలు ఉన్నాయి, 26 సార్లూ ‘ఆయన కృప నిరంతరముండును’ అన్న మాటే వస్తుంది. కాని అక్కడ ప్రతిసారీ ఆ మాటకు ముందు ఒక కొత్త కారణం ఉంది: ఆకాశం, సముద్రం, ఐగుప్తు, అరణ్యం, ఆహారం. కోరస్ నడిపించేవారు ఆ పద్ధతి పట్టుకుంటే చాలు. మేము పల్లవికి మళ్లీ వెళ్లే ముందు ఒక వచనమో ఒక కృతజ్ఞతా వాక్యమో చెప్పి వెళతాము, అప్పుడు అదే పల్లవి కొత్తగా వినబడుతుంది. చప్పట్లు చాలలేదని, ఇంకా గట్టిగా పాడాలని జనాన్ని తొందరపెట్టడం మాత్రం మేము పూర్తిగా మానుకున్నాము.

మీ అసలు ఇబ్బంది మాత్రం నాకు బాగా తెలిసినదే. చేతికి రాని పాటను వేదిక మీద వాయిస్తున్నప్పుడు మనస్సు వేళ్లలోనే ఉంటుంది, మాటల్లోకి రాదు. ఇది భక్తి లోపం కాదు, అభ్యాస లోపం. కాబట్టి శ్రుతి, ప్రారంభ సంగీతం, ఏ చరణం విడిచిపెట్టాలన్న నిర్ణయం, ప్రొజెక్టర్‌కు ఇవ్వవలసిన వరుస, ఇవన్నీ శనివారమే కాగితం మీద తేలిపోవాలి. మేము ఆదివారానికి ఏడు పాటలు పాడేవాళ్లము, ఇప్పుడు నాలుగే పాడుతున్నాము. శ్రుతిని పాడించేవారి గొంతుకు గాక, వెనుక వరుసలో కూర్చున్న అక్కయ్యలకూ తాతయ్యలకూ అందేలా పెట్టాలి. అందని శ్రుతిలో జనం మొదట గొంతు తగ్గిస్తారు, తర్వాత ప్రేక్షకులవుతారు. ప్రతి ఆరాధనలోనూ ఒక చరణానికి వాయిద్యాలన్నీ ఆపేస్తాము. ఆ సమయంలో నేను చేతులు ఒడిలో పెట్టుకొని సంఘం గొంతును వింటాను. వారం మొత్తంలో నేను నిజంగా పాడేది ఆ ఒక్క చరణమేనని చాలాసార్లు అనిపిస్తుంది.

మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ 1761లో పాటలు పాడేవారికి ఏడు సూచనలు రాశాడు. సగం చచ్చినట్టు, సగం నిద్రలో ఉన్నట్టు పాడవద్దని ఒకటి, ఇతరుల గొంతుకు మించి అరవవద్దని ఒకటి, తాళానికి ముందు పరుగెత్తవద్దు వెనుకబడవద్దని ఒకటి. అన్నిటికీ మించినదిగా ఏడోది పెట్టాడు: పాడే ప్రతి మాటలోనూ దేవునివైపు చూడమని, మనలను మనం గాని మరెవరినైనా గాని మెప్పించడంకంటే ఆయనను మెప్పించాలని కోరుకొమ్మని. తాళం సంగతి ముందు చెప్పి ఆత్మ సంగతి చివర చెప్పడం నాకు సమంజసంగా తోస్తుంది. ముందటివి కుదిరితేనే ఏడోదానికి చోటు దొరుకుతుంది.


జవాబు
(డాలస్‌లో ఉంటున్న తెలుగు విశ్వాసి)

మా పిల్లలు తెలుగు పాటలను ఇంగ్లీషు అక్షరాల్లో చదివి పాడతారు. ఆ అక్షరాల్లో హ్రస్వదీర్ఘాలు తెలియవు కాబట్టి టీచరమ్మగారు చెప్పిన పడుట, పాడుట తేడా మాకు ప్రతి ఆదివారం ఎదురయ్యేదే. ఈ మధ్య ప్రతి వారం ఒక్క చరణాన్ని తీసుకొని, ఒక పెద్దవారు దాని అర్థం రెండు నిమిషాలు చెప్పిన తర్వాతే పాడుతున్నాము. పదమూడేళ్ల మా అమ్మాయి ‘శరణు’ అంటే ఏమిటో తెలిసిన రోజున, ఇన్నాళ్లూ తాను దేవుణ్ణి ఇది అడుగుతున్నానా అని ఆశ్చర్యపోయింది.


ప్రశ్న అడిగిన యువకుడు తిరిగి రాస్తున్నది

అందరికీ కృతజ్ఞతలు. మూడు ఆదివారాలు గడిచిన తర్వాత రాస్తున్నాను. పాటలను ఆరు నుండి నాలుగుకు తగ్గించాము, శనివారం రాత్రి వాటిని వచనంగా చదువుకుంటున్నాను. మనస్సు ఇప్పటికీ చెదురుతోంది, కాని చెదిరిన సంగతి నాలుగో చరణం దాకా ఆగకుండా రెండో వరుసలోనే తెలుస్తోంది; తెలిసినప్పుడు నన్ను నేను నిందించుకోకుండా, ఇది ఎవరితో అంటున్న మాట అని నన్ను నేనే అడిగి మళ్లీ పాటలోకి వస్తున్నాను.

ఆ పెద్దావిడ ఇంటికి కూడా వెళ్లాను. ఆనాడు నేను మనస్సు పెట్టి పాడలేదని ఆమెకు ఒప్పుకున్నాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఆమెకు చదువు రాదు. చిన్నప్పుడు తమ పల్లెలో సంఘ పెద్ద ఒక్కొక్క వరుస చెబుతుంటే అందరూ అందుకునేవారని, ఆ కీర్తన మొత్తం అలాగే నోటికి వచ్చిందని చెప్పారు. మూడో చరణాన్ని నాకు రాగం లేకుండా, నిదానంగా, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు చెప్పి వినిపించారు. ‘విడువక’ దగ్గర ఆమె ఆగలేదు.

ఒక సందేహం. ఆమె పాడే బాణీ మా పుస్తకం మీద ఉన్న రాగానికి కొంచెం తేడాగా ఉంది. సంఘంలో ఏది నేర్పమంటారు?


జవాబు
(విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, గుంటూరు)

బాబూ, సంఘానికి అలవాటైన బాణీనే ప్రస్తుతానికి పాడించు; మధ్యలో మార్చితే అందరి మనస్సూ మళ్లీ బాణీ మీదికే పోతుంది. ఆమె బాణీని మాత్రం పోనివ్వకు. పల్లెల్లో వరుస వెంట వరుసగా నేర్చుకున్న కీర్తనలకు ఊరికొక నడక ఉంటుంది, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆమె అనుమతి అడిగి, ఒక ఉదయం నిశ్శబ్దంగా ఉన్న వేళ ఫోనులో అన్ని చరణాలూ రికార్డు చేసి పెట్టుకో. ముందు చెప్పించి, తర్వాత పాడించు. ఆమె ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటున్నారో నీ పుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టు. కోరస్‌ల విషయంలో హైదరాబాద్ అమ్మాయి చెప్పినది న్యాయంగానే ఉంది, 136వ కీర్తనను నేను ఆ వైపు నుండి చూడలేదు.